పదకొండు నిమిషాల నింద

సాయంత్రం నాలుగు కావస్తుంటే ఆ చిన్న స్టేషన్‌లో రోజూ ఒక తంతు జరిగేది. సామర్లకోట నుంచి తుని వెళ్లే దారిలో, ప్యాసింజర్లు తప్ప మరే బండీ ఆగని స్టేషన్ అది. నాలుగుకు నిమిషం ముందు స్టేషన్ మాస్టరు కంట్రోల్ ఫోను చెవికి ఆనించుకుని గోడగడియారాన్నే చూస్తూ నిలబడేవారు. అవతలి నుంచి టైము చెప్పగానే తేడా ఎంతుందో డైరీలో రాసుకునేవారు. గడియారం వెనకబడితే పెద్దముల్లు కాస్త ముందుకు జరిపేవారు. ముందుకెళ్లిపోతే మాత్రం ముల్లు వెనక్కి తిప్పేవారు కాదు. లోలకాన్ని వేలితో ఆపి, తేడా ఉన్నంతసేపూ అలాగే పట్టుకుని, ఆ తర్వాత వదిలేవారు.

బల్ల మీద కూర్చుని కాళ్లూపుతూ ఇదంతా చూసే ఎనిమిదేళ్ల కూతురికి అదో వింత.

‘‘రోజూ ఎందుకు నాన్నా? మన గడియారం బాగానే నడుస్తోందిగా?’’

‘‘బాగానే నడుస్తుందమ్మలూ. కానీ దీని నడక దీనిది. పక్క స్టేషన్‌లో గడియారం నడక దానిది. మధ్యలో బండి ఉంటుంది కదా!’’

ఆ మాట అప్పుడామెకు అర్థం కాలేదు. అర్థమవడానికి దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టింది. అదీ రైల్వేస్టేషన్‌లో కాదు... హైదరాబాద్‌లో, ఓ ఆసుపత్రి సెల్లార్‌లోని సర్వర్ రూములో.

ఆ రాత్రి ఏం జరిగిందంటే...

అది 2008. ఆ అమ్మాయి ఇంజినీరింగ్ చదివి, ఆసుపత్రులకూ బ్యాంకులకూ కంప్యూటర్ స్టోరేజీ ఏర్పాటు చేసే ఓ కంపెనీలో చేరి నాలుగేళ్లయింది. నగరంలోని ఆ ఆసుపత్రికి కొత్త బ్లాకు కడుతున్నారు. పాత భవనంలో ఉన్న స్టోరేజీ నెట్‌వర్క్‌ను కొత్త బ్లాకులోని దాంతో కలపాలి. పగలు రోగుల రద్దీ కాబట్టి పని రాత్రికి పెట్టుకున్నారు.

స్టోరేజీ నెట్‌వర్క్ అంటే మరేం లేదు. పెద్ద సంస్థల్లో కంప్యూటర్లన్నిటికీ ఎవరి డిస్కు వారికి ఉండదు. సమాచారమంతా ఒకచోట, పెద్ద బీరువాల్లాంటి డిస్కు పెట్టెల్లో ఉంటుంది. రోగి వివరాలు, ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రేలు, బిల్లులు... అన్నీ అక్కడే. సర్వర్లకూ ఆ పెట్టెలకూ మధ్య సన్నని గాజు తీగలు, వాటి కూడళ్లలో స్విచ్చిలు ఉంటాయి. గోడకుండే లైటు స్విచ్చి లాంటిది కాదిది. రైల్వే జంక్షన్ లాంటిది. వచ్చిన సమాచారాన్ని ఏ దారికి పంపాలో ఆ దారికి పంపడమే దాని పని. 1994లో ప్రమాణంగా ఆమోదం పొందిన ఫైబర్ ఛానల్ అనే పద్ధతిలో ఇవి నడుస్తాయి. ఆ ప్రమాణాలు రాసినవారిలో ప్రముఖుడు మనదేశంలో పుట్టిన కుమార్ మాలవల్లి. ఇలాంటి స్విచ్చిలు తయారుచేయడానికి 1995లో బ్రొకేడ్ కంపెనీని స్థాపించిన వారిలోనూ ఆయన ఒకరు.

మామూలుగా సర్వర్ నుంచి డిస్కుకు రెండు దారులు పెడతారు. ఒకటి తెగినా రెండోది ఆదుకుంటుంది. ఆ రాత్రి తీగలు మార్చే పనిలో రెండో దారిని తాత్కాలికంగా తీసేశారు. ఉన్నది ఒక్క దారే. అర్ధరాత్రి దాటాక ఆమె పని ముగించుకుని ఇంటికి వెళ్లింది. మిగిలిన కాస్త పనినీ ఇంటి నుంచే లాగిన్ అయి పూర్తి చేస్తానన్నాడు సీనియర్ ఇంజినీరు. సర్వర్ రూము కాపలాకి రాత్రి డ్యూటీ కుర్రాడున్నాడు. నల్గొండ వైపు నుంచి వచ్చినవాడు. వయసు ఇరవై రెండు, కాంట్రాక్టు ఉద్యోగం, నెలకోసారి ఊరికి మనియార్డరు.

తెల్లవారుజామున ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అత్యవసర విభాగంలో నర్సులు కాగితాలు, పెన్నులు పట్టుకున్నారు. ల్యాబ్ రిపోర్టుల్ని మనుషులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి దిగారు. అదృష్టవశాత్తూ ఎవరి ప్రాణం మీదకూ రాలేదు. ముప్పావు గంటకు పైగా పట్టింది అంతా సర్దుకోవడానికి.

తెల్లారాక మొదలైంది అసలు విచారణ. ఎవరు చేశారు?

రెండు కాగితాలు, ఒక తీర్పు

మేనేజరు బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి స్విచ్చి తనంతట తాను రాసుకునే లాగ్. ‘2 గంటల 47 నిమిషాలకు స్విచ్చిని ఆపారు’ అని ఉందందులో. ఆపింది ఎవరంటే ‘అడ్మిన్’. ఆ పాస్‌వర్డు అందరికీ తెలుసు. సర్వర్ రూములో తెల్లబోర్డు మీద కూడా రాసి ఉంది!

రెండోది సెక్యూరిటీ రిజిస్టరు. కుర్రాడు సర్వర్ రూములోకి వెళ్లింది 2.45కి. బయటికొచ్చింది 2.55కి.

ఇంకేం కావాలి? లోపలికెళ్లిన రెండు నిమిషాలకు స్విచ్చి ఆగింది. లోపల ఉన్నది అతనొక్కడే.

‘‘నేనేం ముట్టలే సార్. అలారం మోగుతుంటే చూద్దామని పోయిన. తీగలూడినయేమో అని చూసిన, అంతే’’ అన్నాడు కుర్రాడు.

‘‘అలారం ముందు మోగిందా? స్విచ్చి ఆగితే కదా అలారం మోగేది!’’ అన్నాడు మేనేజరు. నవ్వలేదెవరూ. సీనియర్ ఇంజినీరునూ ఫోన్‌లో అడిగారు. తాను కొత్త స్విచ్చిలో చిన్న మార్పు చేసింది 2.36కనీ, తన ల్యాప్‌టాప్‌లో టైము చూసి నోట్ చేసుకున్నాననీ, పదకొండు నిమిషాల తర్వాత జరిగినదానితో తనకు సంబంధం లేదనీ చెప్పాడాయన. ఆయన అబద్ధమాడలేదు. తాను చెప్పింది నిజమనే నమ్మాడు.

మధ్యాహ్నానికల్లా కుర్రాడిని పనిలోంచి తీసేస్తూ కాగితం తయారైంది. సంతకమే తరువాయి.

కింద పడకముందే పగిలిన గ్లాసు

ఆమెకు ఆ రెండు కాగితాలూ చాలవనిపించింది. మూడోది తీసింది. సర్వర్ల లాగ్. అందులో ‘డిస్కులు కనబడటం లేదు’ అని మొదటి ఫిర్యాదు నమోదైన టైము చూసి ఒక్కక్షణం ఆగిపోయింది.

2 గంటల 36 నిమిషాలు!

స్విచ్చి ఆగింది 2.47కి. కానీ దానివల్ల డిస్కులు మాయమైంది 2.36కి. అంటే చెయ్యి జారకముందే గ్లాసు కిందపడి పగిలిందన్నమాట. ఫలితం ముందు, కారణం తర్వాత. లోకంలో అలా జరగదు. జరిగినట్టు కనిపిస్తోందంటే రెండు గడియారాల్లో ఏదో ఒకటి తప్పు చెబుతోంది.

ఆమె స్విచ్చిలోకి లాగిన్ అయింది. టైమెంతని అడిగింది. పక్కనే తన సెల్‌ఫోన్ పెట్టి చూసుకుంది. సర్వర్‌తో సరిపోల్చింది. సెక్యూరిటీ బల్ల మీది గడియారాన్నీ వెళ్లి చూసొచ్చింది. ఫోను, సర్వరు, సెక్యూరిటీ గడియారం... మూడూ నిమిషం తేడాలో ఒకే మాట చెప్పాయి. స్విచ్చి మాత్రం పదకొండు నిమిషాలు ముందుంది.

చెయ్యి అలవాటుగా టైము సరిచేసే ఆదేశం వైపు వెళ్లింది. మళ్లీ ఆగింది. ఇప్పుడు సరిచేస్తే తప్పు ఎంతుండేదో చెప్పే సాక్ష్యమే మాయమవుతుంది! లాగ్‌లో పాత టైములు పాతవిగానే ఉంటాయి. వాటికీ నిజానికీ ఉన్న తేడా ఇక ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు నాన్న గడియారాన్ని ముట్టుకునేముందు డైరీ ఎందుకు తీసేవారో అప్పుడు తట్టిందామెకు. స్విచ్చి తెర, సర్వర్ తెర, గోడగడియారం... మూడూ ఒకే ఫొటోలో వచ్చేలా సెల్‌ఫోన్‌తో తీసింది. తేడాను కాగితం మీద రాసి, మేనేజరుతో పక్కన సంతకం పెట్టించింది. ఆ తర్వాతే టైము మార్చింది.

2.47లోంచి 11 తీసేస్తే 2.36. అప్పటికి కుర్రాడు సర్వర్ రూములో లేడు. అతను వెళ్లింది తొమ్మిది నిమిషాల తర్వాత. అంటే అతను చెప్పిందే నిజం. నిప్పు పెట్టింది అతను కాదు, పొగ చూసి పరుగెత్తుకెళ్లింది అతను.

మరి 2.36కి ఏం జరిగింది? ఆ టైము అప్పటికే ఒకరి నోట వినబడింది కదా!

ఇద్దరి పేరూ ఒకటే

సీనియర్ ఇంజినీరుని పిలిచి కాగితాలన్నీ వరసగా పెట్టింది ఆమె. ఆయన చాలాసేపు చూశాడు. పాత స్విచ్చిలోకి లాగిన్ అయి దాని నంబరు చూశాడు. రాత్రి వరకూ అది ఒకటి. ఇప్పుడు రెండు.

‘‘నేనే...’’ అన్నాడు నెమ్మదిగా. ‘‘కొత్తదనుకుని పాతదాన్ని ఆపాను.’’

జరిగిందిది. ఫైబర్ ఛానల్ నెట్‌వర్క్‌లో ప్రతి స్విచ్చికీ ఒక నంబరుండాలి. దాన్ని డొమైన్ ఐడీ అంటారు. 1 నుంచి 239 వరకూ ఏదైనా ఇవ్వొచ్చు. కానీ ఒకే నెట్‌వర్క్‌లో రెండింటికి ఒకే నంబరు ఉండకూడదు. పెట్టెలోంచి తీసిన కొత్త స్విచ్చి ఫ్యాక్టరీలో ఇచ్చిన నంబరుతో వస్తుంది. అక్కడ అది 1. పాత స్విచ్చికి కూడా ఏళ్ల క్రితం ఎవరూ నంబరు మార్చలేదు. అదీ 1. రెండింటి మధ్యా తీగ కలపగానే, నడుస్తున్న రెండూ ‘ఒకటో నంబరు నేను’ అన్నాయి. అలాంటప్పుడు స్విచ్చిలు కలవడానికే నిరాకరిస్తాయి. తీగ ఉంటుంది, దారి ఉండదు.

దానికి మందు సులువే. కొత్తదాన్ని ఆపి, నంబరు 2 చేసి, మళ్లీ నడపాలి. నంబరు మార్చాలంటే స్విచ్చిని ఆపక తప్పదు. కొత్తదాని మీద ఇంకా ఎవరూ ఆధారపడి లేరు కాబట్టి ఆపినా నష్టం లేదు. కానీ ఇంట్లో కూర్చుని చూస్తున్న ఇంజినీరు తెర మీద రెండూ ఒకేలా ఉన్నాయి. రెండింటి నంబరూ 1. రెండింటి పేరూ ఫ్యాక్టరీ పెట్టిన పేరే. అర్ధరాత్రి రెండున్నర దాటింది, నిద్రకళ్లు. పాతదాన్ని కొత్తదనుకున్నాడు. ఆపాడు. నంబరు మార్చాడు. తిరిగి నడిపాడు. పాతది 2 అయింది, కొత్తది 1గానే మిగిలింది. తగాదా తీరిపోయి రెండూ కలిసిపోయాయి! అంతా అనుకున్నట్టే జరిగిందనుకున్నాడాయన.

కానీ ఆ ఆపిన కాసేపట్లోనే సర్వర్లకు డిస్కులు తెగిపోయాయి. స్విచ్చి మళ్లీ నడిచాక కూడా ఓ పాత యూనిక్స్ సర్వర్ కోలుకోలేదు. అది డిస్కుని వెతుక్కునేది పాత నంబరుతో కూడిన చిరునామాతోనే. వీధి పేరు మారిన ఊళ్లో పాత చిరునామా పట్టుకుని తిరిగే పోస్ట్‌మ్యాన్ పరిస్థితి దానిది. దానికి కొత్త దారులు చూపించేసరికే ముప్పావు గంట గడిచింది.

చూడండి, ఎంత చిత్రమో! పేర్లు ఒకటే కావడం వల్ల తప్పు జరిగింది. టైము వేరుకావడం వల్ల ఆ తప్పు మరొకరి మీద పడింది. తప్పు చేసినాయనకు కూడా తాను చేసినట్టు తెలియనివ్వలేదు ఆ పదకొండు నిమిషాలు. రెండు పనులూ స్విచ్చి పెట్టిన మొదటిరోజే చేసి ఉంటే పట్టే సమయం పట్టుమని పది నిమిషాలు.

కుర్రాడి కాగితం చిరిగి చెత్తబుట్టలోకి వెళ్లింది. సీనియర్ ఇంజినీరు అతని దగ్గరికి వెళ్లి ‘‘సారీ తమ్ముడూ’’ అన్నాడు. మేనేజరు ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం తెల్లబోర్డు మీద పాస్‌వర్డు చెరిగిపోయి ఉంది.

గడియారం ఎందుకు తప్పుతుంది?

పదకొండు నిమిషాలు ఎక్కణ్నుంచి వచ్చాయి? ఎవరూ కావాలని మార్చలేదు. చేతి గడియారమైనా, కంప్యూటరైనా, స్విచ్చి అయినా లోపల టైము చూపేది ఓ చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. వేడికీ, వయసుకీ దాని లయ కాస్త మారుతుంది. రోజుకు ఒకటిన్నర సెకను తప్పడం పెద్ద వింతేం కాదు. ఒకటిన్నర సెకనుని ఎవరు పట్టించుకుంటారు? కానీ 450 రోజులు లెక్కేస్తే 675 సెకన్లు. అంటే పదకొండుంపావు నిమిషాలు! ఆ స్విచ్చిని పెట్టిన రోజున ఎవరో చేతి గడియారం చూసి టైము పెట్టారు. ఆ తర్వాత ఏడాదికి పైగా దాని నడక దానిదే అయింది.

రైల్వే ఈ సంగతిని ఏనాడో గ్రహించింది. అందుకే ప్రతిరోజూ 16 గంటలకు ప్రామాణిక కాలాన్ని స్టేషన్లకు అందించాలని నిబంధన పెట్టుకుంది. అంతకుముందు మనదేశంలో ఊరికో టైముండేది. మద్రాసుది ఒకటి, బొంబాయిది ఒకటి, కలకత్తాది మరొకటి. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం వచ్చింది. మద్రాసు టైముతో నడిచినవారు గడియారాల్ని దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుకు జరుపుకోవాల్సి వచ్చింది. ఆ ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ చేరువ నుంచే పోతుంది. ఆ స్టేషన్ మాస్టరు ఉద్యోగం చేసింది దేశానికంతటికీ టైము చెప్పే గీత పక్కనే అన్నమాట.

కంప్యూటర్లకు నాలుగు గంటల ఫోను లాంటిది 1985లో వచ్చింది. పేరు నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్... పొట్టిగా ఎన్‌టీపీ. రూపొందించింది అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్. తర్వాతి కాలంలో డెలావేర్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా పనిచేశారు. పుట్టుకతోనే గ్లకోమా ఉన్న ఆయనకు చూపు తగ్గుతూ వచ్చి చివరికి పూర్తిగా పోయింది. గడియారం ముల్లు కనబడని మనిషి లోకంలోని కంప్యూటర్లన్నిటి గడియారాలనూ కలిపారు. 2024 జనవరిలో, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన పద్ధతి వినడానికి సులువు. ‘టైమెంత?’ అని కంప్యూటర్ అడుగుతుంది. జవాబు వచ్చేసరికి కొంత సమయం దారిలోనే పోతుంది కదా! అందుకే నాలుగు టైములు రాసుకుంటుంది. తాను అడిగింది ఎప్పుడు, అవతల అందింది ఎప్పుడు, అవతలివాళ్లు జవాబు పంపింది ఎప్పుడు, తనకు చేరింది ఎప్పుడు. వాటితో దారిలో పట్టిన సమయాన్ని లెక్కగట్టి తీసేస్తుంది. ఒక్కరినే అడిగి ఊరుకోదు. నలుగురిని అడగమని చెబితే, ముగ్గురు ఒకమాట, ఒకరు ఒకమాట చెప్పినప్పుడు ఆ ఒక్కరిని పక్కన పెడుతుంది. ఆమె ఆ రోజు ఫోనూ సర్వరూ గోడగడియారం చూసి చేసిన పని అచ్చంగా అదే.

ఇంకో సంగతుంది. తేడా కొద్దిగా ఉంటే గడియారాన్ని అది గబుక్కున మార్చదు. నడకను కాస్త నెమ్మదిగానో, వేగంగానో చేసి మెల్లగా దారిలోకి తెస్తుంది. ఉన్నట్టుండి వెనక్కి జరిపితే ఒకే నిమిషం రెండుసార్లు వస్తుంది, ఏది ముందో ఏది వెనకో లాగ్‌లో కలగాపులగమైపోతుంది. నాన్న లోలకాన్ని పట్టుకుని నిలబడేది అందుకే కదా! మరీ వెయ్యి సెకన్లకు మించి తేడా ఉంటే మాత్రం ఎన్‌టీపీ మామూలు ప్రోగ్రాము తనంతట తాను మార్చడానికి ఒప్పుకోదు. ‘ఏదో పెద్ద పొరపాటుంది, మనిషి వచ్చి చూడాలి’ అని ఆగిపోతుంది.

స్టోరేజీ స్విచ్చిల్లో ఈ ఏర్పాటు ఉంటుంది. కాకపోతే దాన్ని ఎవరో ఒకరు ఆన్ చెయ్యాలి. టైము చెప్పే సర్వర్ల చిరునామాలివ్వాలి. కొన్ని కంపెనీల స్విచ్చిల్లో పెద్ద స్విచ్చి ఒక్కదానికి చెబితే మిగతావాటికి అదే అందిస్తుంది, కంట్రోల్ నుంచి స్టేషన్లకు అందినట్టు. మన టైము గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందని కూడా విడిగా చెప్పాలి. అది మరిచిపోతే నిమిషాలు కాదు, గంటలే తేడా వస్తాయి.

మనదేశంలో ఇప్పుడిది ఇష్టమైతే చేసే పని కాదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలతో భారత ప్రామాణిక కాలాన్ని నిలబెడుతుంది. సంస్థలు తమ కంప్యూటర్ల టైమును ఆ ప్రయోగశాల లేదా జాతీయ సమాచార కేంద్రం సర్వర్లతోగానీ, వాటితో ముడిపడినవాటితోగానీ కలుపుకోవాలనీ, లాగ్‌లను 180 రోజులు దాచాలనీ కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. సైబర్ నేరం జరిగితే ఎవరేం చేశారో తేల్చేది ఆ లాగ్‌లే. వాటిలో టైము తప్పయితే దొర దొంగవుతాడు, దొంగ దొరవుతాడు.

ఊరిపేరు, కోడ్ నంబరు

నంబర్ల సంగతి కూడా రైల్వే వాళ్లకు కొత్తేం కాదు. కొత్తపల్లి, రామచంద్రాపురం అనే పేర్లతో మన దగ్గర ఎన్ని ఊళ్లున్నాయో లెక్కలేదు. అందుకే రైల్వే ప్రతి స్టేషన్‌కీ ఒక కోడ్ ఇచ్చింది. ఒకరిది మరొకరికి ఉండదు. కొన్నిచోట్ల ఊరిపేరు మారినా పాత కోడే ఉండిపోయింది. బెజవాడ విజయవాడ అయినా కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ. తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ తెచ్చిందీ ఒకే పేరున్న ఊళ్ల తికమక తీర్చడానికే. అందులో మొదటి అంకె చూడగానే ఉత్తరం ఏ వైపు వెళ్లాలో తెలుస్తుంది. 5 అంటే మన తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక.

ఫైబర్ ఛానల్ చిరునామా కూడా అలాంటిదే. మూడు భాగాలుంటాయి. మొదటిది స్విచ్చి నంబరు, అదే డొమైన్ ఐడీ. రెండోది ఆ స్విచ్చిలో ఏ విభాగమో, మూడోది ఏ ద్వారమో చెబుతాయి. మొత్తం కలిపి కోటీ అరవై ఏడు లక్షలకు పైగా చిరునామాలకు చోటుంది. సమాచారం దారిలో ఉండగా ప్రతి స్విచ్చీ ముందు మొదటి భాగాన్నే చూస్తుంది. అది నాది కాకపోతే అటు పంపుతుంది. ఇప్పుడు రెండు స్విచ్చిలు ఒకే నంబరుతో కలిస్తే? ఒక రోగి రిపోర్టు ఏ ఇంటికి చేరుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే అవి కలవడానికి ఒప్పుకోవు. ఇంజినీర్లకు విసుగు తెప్పించే ఆ మొండితనం నిజానికి మనకు రక్ష.

ఇది కాక ప్రతి స్విచ్చికీ తయారీలోనే వచ్చే మరో పేరుంటుంది. చాలా పొడుగ్గా ఉంటుంది, ప్రపంచంలో మరిదేనికీ ఉండదు. దాన్ని వేలిముద్ర అనుకుంటే డొమైన్ ఐడీ ఇంటి నంబరు. వేలిముద్ర పుట్టుకతో వస్తుంది. ఇంటి నంబరు మాత్రం మనం వేయాలి. మనం వేయకపోతే? నెట్‌వర్క్‌లోని స్విచ్చిలన్నీ కలిసి తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుంటాయి. కొత్తగా వచ్చినదానికి ఆ పెద్దే ఖాళీగా ఉన్న నంబరేదో ఇస్తుంది. పని జరిగిపోతుంది. కానీ కరెంటు పోయి వచ్చాక అదే నంబరు మళ్లీ వస్తుందన్న భరోసా ఉండదు. అందుకే అనుభవమున్నవాళ్లు స్విచ్చి పెట్టెలోంచి బయటికి రాగానే, తీగ కలపకముందే, కాగితం మీద పట్టిక వేసి నంబరు ఇస్తారు. పేరూ పెడతారు. పాత బ్లాకు, కొత్త బ్లాకు, మొదటి దారి, రెండో దారి... నిద్రకళ్లతో చూసినా పోల్చుకునేలా. ఆ నంబరుని మారకుండా కట్టేస్తారు.

బండి మధ్యలో ఉంటుంది

ఆ వారాంతం ఆమె ఊరెళ్లింది. అప్పటికి నాన్న రిటైరై, రైల్వే క్వార్టర్స్ వదిలి సామర్లకోటలో ఇల్లు కట్టుకున్నారు. వరండాలో కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పింది. డొమైన్ ఐడీలూ ఎన్‌టీపీలూ ఆయనకు ఎంతవరకు ఎక్కాయో తెలియదు గానీ, కథ మాత్రం పూర్తిగా విన్నారు.

‘‘మా దగ్గరా అంతేనమ్మా. ఏదైనా జరిగిందంటే ముందు రిజిస్టరు తీసేస్తారు. లైన్ క్లియర్ ఎప్పుడిచ్చావ్, బండి ఎప్పుడు దాటింది... అన్నీ టైములే. నువ్వు ఎంత మంచివాడివో రిజిస్టరుకి అనవసరం. నీ గడియారం తప్పయితే నువ్వు చెప్పేది అబద్ధమే.’’

కాసేపాగి అడిగారు. ‘‘ఆ కుర్రాడికి ఉద్యోగం ఉందా?’’

‘‘ఉంది నాన్నా.’’

‘‘అదీ లెక్క’’ అని లేచి, లోపల గోడగడియారానికి కీ ఇవ్వడానికి వెళ్లారు.

ఆమె ఇప్పుడు నలభైల్లో ఉంది. కొత్తగా చేరినవాళ్లకు స్టోరేజీ పని నేర్పుతుంది. ఆమె రాసిచ్చే పనుల జాబితాలో మొదటి రెండు వరసలూ ఏ ప్రాజెక్టుకైనా మారవు. ఒకటి, గడియారం కలపండి. రెండు, పేరూ నంబరూ పెట్టండి. ‘‘డిస్కులు పెట్టడం, వేగం పరీక్షించడం లాంటి పెద్ద పనులు వదిలేసి ముందు ఇవేంటి మేడమ్?’’ అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఏటా ఆమె ఆ రాత్రి సంగతి చెబుతుంది. పదకొండు నిమిషాల మధ్యలో ఇరుక్కున్న ఓ ఇరవై రెండేళ్ల కుర్రాడి గురించి చెబుతుంది. యంత్రాల మధ్య తేడా యంత్రాలతోనే ఆగిపోతే బాధలేదు. దాని మధ్యలో ఎప్పుడూ ఓ మనిషి ఉంటాడు.

ఇంతకీ ఆ కుర్రాడు? రాత్రి డ్యూటీల్లో కూర్చుని పరీక్షలు రాశాడు. స్టోరేజీ పనిలోకే వచ్చాడు. ఇప్పుడు బెంగళూరులో ఓ పెద్ద డేటా సెంటర్లో పదిమందికి పని చెప్పే స్థాయిలో ఉన్నాడు. ఎక్కడైనా కొత్త స్విచ్చి పెట్టిన రోజున, ఎంత రాత్రయినా సరే, ఆమెకు ఒక ఫోన్ వస్తుంది. పలకరింపు కూడా ఉండదు, అదే ప్రశ్న.

‘‘మేడమ్, టైమెంతయింది?’’

ఆమె చెబుతుంది.

‘‘మా దాంట్లో కూడా అంతే మేడమ్’’ అంటాడు. అప్పుడు ఇద్దరూ నవ్వుకుంటారు.